జాన్ జేకబ్ ఆస్టర్ ఉత్తరం కొనాలనుంది, తెలిసినవాళ్ళు సలహా ఇవ్వండి

గుంటూరు టు న్యూజెర్సీ

అందరికీ నమస్తే. మొదట స్టాంపులు, తర్వాత పాత షేర్ సర్టిఫికెట్లు పోగుచేశాను, ఇప్పుడు ఉత్తరాల మీద పడ్డాను. ఒక డీలర్ దగ్గర అమెరికా తోళ్ళ వ్యాపారి జాన్ జేకబ్ ఆస్టర్ ఉత్తరం ఉంది. 1820ల నాటిది, బీవర్ తోళ్ళ సరుకు గురించి ఒకే పేజీ, కింద సంతకం. ధర వేలల్లో చెప్తున్నాడు. అంతా ఆస్టర్ చేతిరాతేనా అని అడిగితే "సంతకానికి గ్యారంటీ ఇస్తాను" అంటాడు తప్ప మిగతాదానికి జవాబు లేదు.

ఆస్టర్ అంటే నాకు మొదటినుంచీ ఆసక్తి. జర్మనీలో వాల్‌డోర్ఫ్ అనే ఊళ్ళో మాంసం కొట్టువాడి కొడుకు, 1784లో అమెరికాలో దిగినప్పుడు అమ్ముకోవడానికి తెచ్చుకున్నది కొన్ని పిల్లనగ్రోవులు, 1848లో పోయేనాటికి దాదాపు 2 కోట్ల డాలర్ల ఆస్తి, అప్పటి అమెరికాలో అంత డబ్బున్నవాడు ఇంకొకడు లేడు. అలాంటి మనిషి చేత్తో పట్టుకున్న కాగితం ఒక్కటైనా నా దగ్గర ఉండాలని కోరిక. కొనెయ్యమంటారా?

పాతకాగితం

తొందరపడకు తమ్ముడూ. ముందు ఉత్తరం ఎవరు రాశారు, సంతకం ఎవరు పెట్టారు అన్నవి విడివిడిగా చూడు. ఈ ఫీల్డులో ఏఎల్ఎస్ అంటే మొదటి అక్షరం నుంచి సంతకం దాకా ఆయన చేతిరాతే. ఎల్ఎస్ అంటే గుమాస్తా రాసి ఇస్తే ఆయన సంతకం పెట్టింది. డీఎస్ అంటే పత్రం మీద సంతకం. ఏఎల్ఎస్‌కీ ఎల్ఎస్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది, మీ డీలర్ ఆ మాట దాటవేస్తున్నాడంటే అది ఎల్ఎస్ అనుకునే బేరం మొదలుపెట్టాలి.

ఆస్టర్ విషయంలో ఒక గుర్తు ఉంది. ఆయన పెద్దగా చదువుకోలేదు, మాతృభాష జర్మన్, ఇంగ్లీషు చెవికి వినపడ్డట్టు రాసేవాడు. స్పెల్లింగులు ఎక్కడపడితే అక్కడ తప్పులు. నీ ఉత్తరంలో గుండ్రటి అందమైన దస్తూరీ ఉండి ఒక్క స్పెల్లింగూ తప్పు పోకపోతే అది గుమాస్తా రాసిందే. అంతమాత్రాన నకిలీ అని కాదు. ఎల్ఎస్ ధర కట్టు, ఏఎల్ఎస్ ధర కట్టకు, అంతే నేను చెప్పేది.

ఇంకోటి, ఆ ఇంట్లో ఆ పేరు నాలుగు తరాలు నడిచింది. 1912లో టైటానిక్‌లో పోయినాయన నాలుగో జాన్ జేకబ్ ఆస్టర్. నీది 1820లది కాబట్టి ఈ బాధ లేదు గానీ, తేదీ చిరిగిపోయిన కాగితాలతో ఎవరి సంతకం ఎవరికి అంటగడతారో చెప్పలేం.

గుంటూరు టు న్యూజెర్సీ

థాంక్స్ అన్నా. ఫోటో మళ్ళీ చూశాను. దస్తూరీ ముత్యాల్లా ఉంది, తప్పులు ఒక్కటీ లేవు. సంతకం మాత్రం మిగతా రాతతో పోలిస్తే మొరటుగా, వంకరగా ఉంది.

సిరాబుడ్డి

అయితే ఎల్ఎస్ అని దాదాపు ఖాయం అనుకోండి. నేను బోస్టన్ దగ్గర ఒక యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో పనిచేస్తాను, ఇలాంటి కాగితాలు రోజూ చేతిలో ఉంటాయి కాబట్టి చెప్తున్నాను. ఆస్టర్ వ్యాపార రికార్డులు చాలావరకు హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్ళ బేకర్ లైబ్రరీలో ఉన్నాయి. పోల్చి చూసుకోవడానికి అసలైన నమూనాలు అక్కడ దొరుకుతాయి. అంత డబ్బు పెట్టేముందు ఆ పని చేసి తీరాలి.

ఒక ప్రశ్న. కాగితం వెనకవైపు ఏముంది? అడ్రస్ ఉందా?

గుంటూరు టు న్యూజెర్సీ

వెనకంతా ఖాళీ. ఒక అంచు మాత్రం కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంది. అడ్రస్ ఉండాలా?

సిరాబుడ్డి

ఉండాలి. కాస్త వివరంగా చెప్తాను, కొత్తగా కొనేవాళ్ళందరికీ పనికొస్తుంది.

1845కి ముందు అమెరికాలో పోస్టు ఖర్చు ఎన్ని కాగితాలు, ఎంత దూరం అన్న లెక్క మీద ఉండేది. కవరు పెడితే అది ఇంకో కాగితం కింద లెక్క, డబ్బు రెట్టింపు. అందుకని పెద్ద కాగితాన్ని మధ్యకి మడిచి నాలుగు పేజీలు చేసుకుని, మొదటి రెండు మూడు పేజీల్లో రాసి, చివరి పేజీ బయటికి వచ్చేలా మడిచి దాని మీదే అడ్రస్ రాసేవాళ్ళు. లక్కతో అంటించేవాళ్ళు. స్టాంపు ఉండదు, అమెరికా ప్రభుత్వం మొదటి స్టాంపులు వేసింది 1847లో. అసలైన ఉత్తరం చేతిలోకి తీసుకుంటే అడ్రస్ పేజీ అంచున చిన్న చిల్లో చిరుగో ఉంటుంది. అందుకున్నవాడు విప్పినప్పుడు లక్కతోపాటు ఊడిపోయిన ముక్క అది. ఆ ముక్క ఎదుటి పేజీలో ముద్రకే అతుక్కుని ఉండటం కూడా చూస్తాం.

అడ్రస్ పక్కనే వేరే దస్తూరీలో నిలువుగా రెండు మూడు లైన్లు ఉంటాయి: ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఏ తేదీన రాసింది, ఎప్పుడు అందింది, ఎప్పుడు జవాబిచ్చాం అని. అందుకున్న ఆఫీసు గుమాస్తా ఫైల్లో పెట్టేటప్పుడు రాసుకున్నది. నన్నడిగితే సంతకం కంటే ముందు చూడాల్సింది ఈ రాతనే. నకిలీ చేసేవాడి దృష్టంతా పేరున్నవాడి చేతిరాత మీదే ఉంటుంది. ఇంకో దస్తూరీలో, ఇంకో సిరాతో, వారమో నెలో తర్వాత పడిన ఈ గీతల దాకా ఆలోచించేవాడు అరుదు.

మీ కాగితానికి అంచు కోసి ఉందంటే అడ్రస్ సగాన్ని విడగొట్టారన్నమాట. పోస్టుమార్కులు పోగుచేసేవాళ్ళకి ఒకటి, సంతకాలు పోగుచేసేవాళ్ళకి ఒకటి అమ్మి రెండు రాబళ్ళు చేసుకుంటారు. ఇది చూస్తే నాకు కడుపు మండిపోతుంది. రెండు వందల ఏళ్ళు కలిసి ఉన్న కాగితాన్ని కత్తెరేసి రెండు చేశాక, ఎవరికి రాశాడో ఏ ఊరికి పోయిందో ఇక ఎవరు చెప్పగలరు?

కాకినాడ కాజా

అక్కా, మీరు చెప్పింది ఆర్కైవ్స్‌కి కరెక్టే, కానీ మనలాంటివాళ్ళం అంత పట్టుబడితే ఏమీ కొనలేం. సంతకం నిజమైనదైతే చాలు, ఫ్రేమ్ కట్టి గోడకి పెట్టుకుంటాం. అందరూ రీసెర్చ్ చెయ్యరు కదా.

పాతకాగితం

గోడకి పెట్టుకోవడానికే అయితే పాత షేర్ సర్టిఫికెట్ కొనుక్కోవచ్చు కాజా. వ్యాపారుల సంతకాల్లో తేలిగ్గా నమ్మదగినవి అవే. 1795 నాటి నార్త్ అమెరికన్ ల్యాండ్ కంపెనీ షేర్ల మీద రాబర్ట్ మోరిస్ ప్రెసిడెంట్ హోదాలో సంతకం పెట్టాడు. అవి చాలా మిగిలాయి, కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంటాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు, యుద్ధానికి డబ్బు సర్దినవాడు, చివరికి ఇదే భూముల బేరాల్లో మునిగి 1798 నుంచి 1801 దాకా ఫిలడెల్ఫియాలో అప్పులవాళ్ళ జైల్లో ఉన్నాడు. ఆయన్ని ముంచిన కంపెనీ కాగితమే ఇప్పుడు ఆయన సంతకాన్ని మన దాకా తెచ్చింది.

రాక్‌ఫెల్లర్ సంతకం కావాలంటే 1870ల స్టాండర్డ్ ఆయిల్ షేర్లు, ప్రెసిడెంటుగా రాక్‌ఫెల్లర్, సెక్రటరీగా ఫ్లాగ్లర్ సంతకాలు ఉన్నవి, ఇవి వేలల్లో పలుకుతాయి. రైల్వే వ్యాపారి జే గౌల్డ్‌ సంతకాలు రైల్వే షేర్ల మీద ఉంటాయి. షేరు రద్దు చేసేటప్పుడు సంతకం మీదే చిల్లు కొట్టారా, పక్కన కొట్టారా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

ఉత్తరం దారి వేరు. ఉత్తరంలో మనిషి పని చేస్తూ కనపడాలి. విందుకి పిలిచినందుకు థాంక్స్ చెప్తూ రాసిన పూర్తి ఏఎల్ఎస్ కంటే, ఓడ ఆలస్యమైందని తిట్టిపోస్తూ గుమాస్తా చేత రాయించిన ఎల్ఎస్‌కే నా ఓటు.

ఓరుగల్లు కోట

ఓడలు, రైళ్ళ వ్యాపారి వాండర్‌బిల్ట్ సంగతి చెప్పండి అన్నా. నాకు ఆయన ఉత్తరం ఒక్కటి దొరికితే చాలు. "మీరు నన్ను మోసం చేశారు, కోర్టు నిదానం కాబట్టి కేసు వెయ్యను, మిమ్మల్ని నాశనం చేస్తాను" అని రాశాడంటారే, ఆ ఉత్తరం ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది?

పాతకాగితం

ఎక్కడా లేదు. ఆ ఉత్తరం అసలు కాగితం ఎవరి దగ్గరా బయటపడలేదు. 1877లో ఆయన పోయాక పేపర్లో రాసిన సంతాప వ్యాసంతో ఈ కథ జనంలోకి వచ్చింది. అందుకే ఎవడైనా "ఆ ఉత్తరం నా దగ్గరుంది" అంటే ఫోన్ పెట్టెయ్యి.

కమొడోర్ అని జనం పిలిచే కార్నీలియస్ వాండర్‌బిల్ట్ బడికి పెద్దగా వెళ్ళలేదు, రాయడమంటే పడేది కాదు, నోటిమాట మీదే బేరాలు. చేతిరాత ఉత్తరాలు చాలా అరుదు, ఉన్నవాటిలో స్పెల్లింగు ఆస్టర్‌కి ఏమీ తీసిపోదు. సంతకంలో ఇంటిపేరుని రెండు ముక్కలుగా విడదీసి వాన్ డెర్బిల్ట్ అని రాసేవాడు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మనవడి పేరూ కార్నీలియస్సే, 1843లో పుట్టి 1899లో పోయాడు, ఆయనా రైల్వే షేర్ల మీద సంతకాలు పెట్టాడు. 1880ల షేరుని "కమొడోర్ సంతకం" అని ఆన్‌లైన్‌లో పెట్టేస్తుంటారు. తాత పోయింది 1877లో. తేదీ ఒక్కటి చూసుకుంటే చాలు.

బ్యాంకర్లు మోర్గాన్‌ల దగ్గరా ఇదే తంటా. 1913లో పోయిన తండ్రి, 1943లో పోయిన కొడుకు, ఇద్దరూ జాన్ పియర్‌పాంట్ మోర్గాన్‌లే.

సిరాబుడ్డి

మోర్గాన్ పేరెత్తారు కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. పెద్ద మోర్గాన్ చిన్నప్పటినుంచే ఆటోగ్రాఫులు పోగుచేశాడు, కుర్రాడిగా ఉన్నప్పుడే బిషప్పులకి ఉత్తరాలు రాసి సంతకాలు తెప్పించుకునేవాడు. పెద్దయ్యాక న్యూయార్క్‌లో తన పుస్తకాలకీ రాతప్రతులకీ ఏకంగా ఒక భవనమే కట్టించాడు, 1924లో కొడుకు దాన్ని పబ్లిక్ సంస్థగా మార్చాడు. అదే మనిషి, లండన్‌లో ఉన్న తండ్రికి దశాబ్దాల పాటు వరసగా రాసిన వ్యాపార ఉత్తరాలని, తండ్రి జాగ్రత్తగా బైండు చేయించి దాచినవాటిని, 1911లో తగలబెట్టేశాడు. అమెరికా రైల్వేలకి ఇంగ్లండ్ డబ్బు ఎలా వచ్చింది, ఎవరు ఎవరిని తొక్కారు, లోపల ఏమనుకున్నారు, ఇవన్నీ ఆ మంటలో పోయాయి. ఎదుటివాళ్ళ ఉత్తరాల విలువ అంత బాగా తెలిసినవాడు ఆ పని చేశాడంటే నాకిప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి మోర్గాన్ వ్యాపారం గురించి నిజంగా ఏదైనా చెప్పే ఉత్తరం కనపడితే దాని విలువ సంతకం ధరలో కొలవలేం.

తుంగభద్ర

ఇంతసేపూ ధరలు, సంతకాలు మాట్లాడుకున్నారు. నాకు ఒక ఇబ్బంది ఉంది, అడిగేస్తాను. ఈ ఆస్టర్ 1816లో టర్కీ నల్లమందు కొని చైనాకి ఓడలో పంపినవాడు. ఆయన అమెరికన్ ఫర్ కంపెనీ మనుషులు అక్కడి ఆదివాసీలకి సారా పోసి తోళ్ళు గుంజుకున్నారు. ఫిలడెల్ఫియా బ్యాంకరు స్టీఫెన్ గిరార్డ్ ఆస్తిలో చాలాభాగం అనాథపిల్లల బడికి రాసిచ్చాడని పొగుడుతారు, వీలునామాలో ఉన్నది మాత్రం తెల్లజాతి మగపిల్లలకే అని. 1831లో ఆయన పోతే, ఎన్నో ఏళ్ళ పోరాటాలు, కోర్టు కేసుల తర్వాత 1968లో గానీ నల్లజాతి పిల్లలు ఆ బడి గడప తొక్కలేదు. ఇలాంటివాళ్ళ కాగితాలని వేలు పోసి కొని మురిసిపోవడం నాకైతే అర్థం కాదు.

పాతకాగితం

నువ్వన్నవన్నీ నిజాలే, ఒక్కటీ కాదనను. కానీ ఆ నిజాలు మనకి తెలిసింది ఈ కాగితాల వల్లే. నల్లమందు ఏ ఓడలో పోయింది, సారా పీపాలు ఎన్ని పంపారు అన్నది వాళ్ళ లెక్కల పుస్తకాల్లోనే ఉంది. 1830ల న్యూ ఓర్లీన్స్ పత్తి వ్యాపారుల ఉత్తరాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. పత్తి ధర, వాతావరణం, ఇంట్లో పిల్లకి జ్వరం, ఆ వెంటనే బానిసల్ని తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, అన్నీ ఒకే పేరాలో, ఒకే గొంతుతో. చదువుతుంటే చెయ్యి ఆగిపోతుంది. ఆ ఉత్తరాన్ని నేను ఫ్రేమ్ కట్టలేదు, కట్టను కూడా. స్కాన్ చేసి, అక్షరం అక్షరం ఎత్తిరాసి, అడిగినవాళ్ళకి పంపుతున్నాను.

తుంగభద్ర

ఎత్తిరాసి పంపుతున్నారంటే నాకు అభ్యంతరం లేదు. బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళ గురించే నా బాధ.

మెరీనా గాలి

మన వైపుతో సంబంధం ఉన్న వ్యాపారి ఒకాయన ఉన్నాడు, ఎవరూ ఎత్తలేదేం? బోస్టన్ ఫ్రెడరిక్ ట్యూడర్, మంచు వ్యాపారి. మసాచుసెట్స్ చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన మంచుని కోయించి, రంపపు పొట్టు కప్పి ఓడల్లో అమ్మాడు. 1806లో మొదటి సరుకు మార్టినీక్ దీవికి పంపితే అందరూ నవ్వారు, అప్పులకి జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. 1833లో టస్కనీ అనే ఓడలో 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల ప్రయాణం తర్వాత కలకత్తాలో సుమారు 100 టన్నులు దిగింది. తర్వాత మద్రాసుకీ పంపాడు. మెరీనా బీచ్ ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ ఆ మంచు దాచడానికి 1840లలో కట్టిందే. 1897లో వివేకానందుడు బస చేసింది అక్కడే, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటారు. మన సర్కారు జిల్లాలూ సీడెడ్ జిల్లాలూ అప్పుడు మద్రాసు కిందే కాబట్టి, పని మీద పట్నం వెళ్ళిన మన తాతముత్తాతలు ఆ గోడల ముందు నుంచే నడిచి ఉంటారు.

ట్యూడర్ కాగితాలు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

సిరాబుడ్డి

అవీ బేకర్ లైబ్రరీలోనే ఉన్నాయండి. ముందుగా రాసి టైమ్ తీసుకుంటే రీడింగ్ రూమ్‌లో చూపిస్తారు. పెన్ను అనుమతించరు, పెన్సిలే. ఈ సబ్జెక్టు ఇష్టమైనవాళ్ళు డెలావేర్‌లో హాగ్లీ లైబ్రరీకి కూడా వెళ్ళాలి, 1802లో బ్రాండీవైన్ ఏటి ఒడ్డున తుపాకిమందు ఫ్యాక్టరీ పెట్టిన డ్యూపాంట్ కుటుంబం కాగితాలు అక్కడున్నాయి. రాక్‌ఫెల్లర్‌వి న్యూయార్క్ రాష్ట్రంలో స్లీపీ హాలో దగ్గర ఆర్కైవ్ సెంటర్‌లో, ఉక్కు వ్యాపారి కార్నెగీవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. అన్నట్టు కార్నెగీ 1906లో ఇంగ్లీషు స్పెల్లింగు సులభం చేయాలని ఒక సంఘానికి డబ్బిచ్చి నిలబెట్టాడు, తన ఉత్తరాల్లో కూడా ఆ కొత్త స్పెల్లింగులే వాడేవాడు. ఆ కాలపు ఆయన ఉత్తరంలో అలాంటివి కనపడితే తప్పు అనుకోవద్దు.

కాకినాడ కాజా

సరే, నేనూ ఒప్పుకుంటున్నాను, అడ్రస్ ఉన్నదే కొంటా. ఇంతకీ నకిలీ కనిపెట్టడం ఎలా? మామూలుగా ఇంట్లో చూసుకునేవి చెప్పండి.

పాతకాగితం

పదింతలు పెద్దగా చూపే భూతద్దం, యూవీ టార్చి, ఓపిక. భూతద్దంలో గీత మొదలూ చివరా చూడు. చకచకా రాసినవాడి గీత సన్నగా గాల్లోకి లేచిపోయినట్టు ముగుస్తుంది. చూసి దించినవాడి గీత మొద్దుగా ఆగిపోతుంది, మధ్యలో చిన్న వణుకు, పెన్ను ఎత్తి మళ్ళీ ఆనించిన చోట చుక్క. తర్వాత మడత దగ్గరికి రా. ముందు రాసి తర్వాత మడిస్తే సిరా మడత మీద అరిగి విరిగి ఉంటుంది. పాత ఖాళీ కాగితం సంపాదించి ఇప్పుడు రాస్తే, మడతలో తెగిన పోగుల్లోకి సిరా పాకి మరకలా కనపడుతుంది. యూవీ కింద కాగితం నీలంగా ధగధగలాడితే అది రెండో ప్రపంచయుద్ధం తర్వాత తయారైంది, ఇంకేం చూడక్కర్లేదు.

నకిలీలు ఇవాళ్టివే అనుకోకండి. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ స్ప్రింగ్ అనేవాడు 19వ శతాబ్దంలోనే జార్జ్ వాషింగ్టన్ సంతకంతో దొంగ చెక్కులు రాసి అమ్మాడు. వాడి నకిలీలు కూడా ఇప్పుడు పాత కాగితం, పాత సిరాయే కదా, యూవీ దగ్గర పాసైపోతాయి.

ఇంకొకటి కాపీయింగ్ ప్రెస్. జేమ్స్ వాట్ 1780లో పేటెంట్ తీసుకున్నాడు. సిరా పచ్చిగా ఉండగానే తడిపిన పల్చటి కాగితం వేసి నొక్కితే నకలు దిగుతుంది, తిరగేసి వెనకనుంచి చదవాలి. ఆఫీసులు ఫైలు కోసం ఉంచుకున్నవి అవి. ఇవి అబద్ధం కావు, అసలూ కావు. ఉల్లిపొర కాగితం, అలికినట్టున్న అక్షరాలు కనపడితే నకలు ధరే ఇవ్వండి.

సిరాబుడ్డి

దొంగసొత్తు విషయం కూడా చూసుకోవాలి. 2011లో పాత కాగితాలు పోగుచేసే బ్యారీ లాండావ్ అనేవాణ్ణి బాల్టిమోర్‌లో మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీలో పట్టుకున్నారు, చాలా లైబ్రరీల నుంచి వేల కాగితాలు ఎత్తుకెళ్ళాడని తేలి జైలుకి పంపారు. మూల దగ్గర పెన్సిల్ నంబరు చెరిపిన గుర్తు, ముద్ర గీకిన చోట పల్చబడిన కాగితం ఉంటే డీలర్‌ని నిలదీయండి. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాతపూర్వకంగా తీసుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

దాచడం సంగతి: లామినేషన్ వద్దు, సెల్లోటేప్ వద్దు, ఎండ తగిలే గోడ వద్దు. ఆ కాలపు ఇనుప సిరా కాగితాన్ని లోపల్నుంచి తింటుంది, తేమ తోడైతే మరీ తొందరగా. యాసిడ్ లేని ఫోల్డరు, పాలిస్టర్ కవరు చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు వానాకాలం నెలకోసారైనా తీసి చూడండి, వెండిపురుగు లైన్లకి లైన్లు కొరికేస్తుంది. ఫ్రేమ్ కావాలంటే కలర్ ప్రింటు తీసి దాన్ని కట్టుకోండి.

ఓరుగల్లు కోట

ఇండియాకి తెచ్చుకుంటే ఏమైనా ఇబ్బందా?

పాతకాగితం

తేవడానికి కస్టమ్స్‌లో ముందే కనుక్కో. మళ్ళీ బయటికి పంపేటప్పుడు జాగ్రత్త. మన 1972 పురావస్తువుల చట్టం 75 ఏళ్ళు దాటిన చారిత్రక పత్రాలని కూడా పురావస్తువుల కిందే చూస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. కొన్న రసీదు, తెచ్చినప్పటి కాగితాలు పారెయ్యకు.

గుంటూరు టు న్యూజెర్సీ

డీలర్‌తో మాట్లాడాను. మిగతా సగం ఏదని అడిగితే చాలా ఏళ్ళ కిందటే పోస్టుమార్కులు పోగుచేసే ఒకరికి వెళ్ళిపోయిందన్నాడు. గుమాస్తా రాతే అని కూడా ఒప్పుకున్నాడు, ధర మాత్రం తగ్గించనన్నాడు. వదిలేశాను.

అదే డబ్బులో కొంతతో న్యూయార్క్ సరుకుల వ్యాపారి ఒకాయనకి వచ్చిన ఉత్తరాల కట్ట చూస్తున్నాను. పేరున్నవాడేం కాదు. కానీ కట్ట చెదరలేదు, అడ్రస్‌లు, లక్క చిరుగులు, గుమాస్తా రాసుకున్న లైన్లు అన్నీ ఉన్నాయి, 1836 చివర్నుంచి 1837 వేసవి దాకా. రెండు మూడు ఉత్తరాలు అచ్చువేసిన ధరల పట్టీ మీద మిగిలిన ఖాళీలో రాసినవి.

పాతకాగితం

1837 మే ఉందా అందులో? మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోట్లకి బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి, ఆ తర్వాత దేశమంతా కుప్పకూలింది. ఆ వారం వ్యాపారులు ఒకరికొకరు ఏం రాసుకున్నారో చదవడానికి నేను ఏ ఆస్టర్ సంతకాన్నైనా వదులుకుంటాను.

గుంటూరు టు న్యూజెర్సీ

మే 12 తేదీది ఒకటి ఉంది అన్నా! రాత మాత్రం ఘోరంగా ఉంది, మొదటి లైను తర్వాత ఒక్క ముక్క అర్థం కాలేదు. పేజీ నిండాక కాగితం అడ్డం తిప్పి రాసిన లైన్ల మీదే మళ్ళీ రాశాడు.

సిరాబుడ్డి

పోస్టు ఖర్చు మిగుల్చుకోవడానికి అలా రాసేవాళ్ళు. కొన్నాక 600 డీపీఐలో స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. ముందు నిలువు లైన్లు నేను చదివి పెడతాను, అడ్డం లైన్లు పాతకాగితం గారు చూసుకుంటారు.

తుంగభద్ర

ఎత్తిరాసినదాన్ని టైప్ చేసే పని నాకివ్వండి.